తెల్లజుట్టు తమ్ముడు, మానని పుండు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నా తమ్ముడికి 24 ఏళ్ళు. పుట్టినప్పుడే వాడి జుట్టు, కనుబొమలు, రెప్పవెంట్రుకలు పాలలాగా తెల్లగా వున్నాయి. ఇప్పుడు జుట్టు కొంచెం పసుపుపచ్చగా మారింది. ఒళ్ళంతా తెలుపే. ఎండలో కళ్ళు తెరవలేడు. ఊళ్ళో అందరూ 'దొర' అని పిలుస్తారు. అమ్మ, నాయన, నేను అందరం చామనచాయే. అమ్మ కడుపుతో వుండగా గ్రహణం చూసిందని, అందుకే ఇలా పుట్టాడని మా అవ్వ అంటుంది. వాడు మాతో పాటే చెనక్కాయ చేలో పనికి వస్తాడు. మూడు నెలలుగా ఎడమచెవి అంచున పుండు లేచి మానడం లేదు. పసరు కడుతున్నాము. ఇంకొక సంగతి. నాకు మా మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. నాకు పుట్టే పిల్లలు కూడా ఇలాగే వుంటారా?
- ఒక సోదరి, కళ్యాణదుర్గం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో గ్రహణం సంగతి ముందు వచ్చింది, పెళ్ళి సంగతి చివర వచ్చింది. ఆ రెంటి నడుమ చెవి మీది పుండు సంగతి రెండు ముక్కల్లో ముగిసిపోయింది. నేను దానితోనే మొదలుపెడతాను. ముహూర్తం ఒక నెల వెనక్కు జరిపినా నష్టం లేదు. ఈ పుండును డాక్టరుకు చూపించడం మాత్రం ఇంకొక వారం కూడా జరపకూడదు.

పుట్టుకతో తెల్లగా వుండి, ఎండలో పనిచేసే మనిషికి చెవి అంచున గాని, కింది పెదవి మీద గాని, మెడ వెనుక గాని, ముంజేతుల మీద గాని లేచిన పుండు నెల దాటినా మానకపోతే, కాదని పరీక్షలో తేలేదాకా దానిని కాన్సర్‌గానే అనుమానించాలి. మీ తమ్ముడిది తప్పకుండా అదేనని నేను అనడం లేదు. ఉత్తరం చదివి రోగం తేల్చే విద్య ఏ డాక్టరుకూ రాదు. కాని పసరు కట్టడం ఈ రోజే మానండి. వాతలు పెట్టించవద్దు. పసరు వేస్తే పైన పక్కు కట్టి మానినట్టు కనిపించవచ్చు, అడుగున పెరిగేది పెరుగుతూనే వుంటుంది.

అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి వెళ్ళి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. వారు పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దీనిని బయాప్సీ అంటారు. ముక్క తీస్తే కాన్సర్ రేగి ఒళ్ళంతా పాకుతుందని పల్లెల్లోనే కాదు, పట్నాల్లో చదువుకున్నవారు కూడా చెప్పుకుంటారు. అందులో నిజం లేదు. ఆ మాట నమ్మి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నవారికి పాకుతుంది, అంతే. ఇటువంటి వారికి ఎక్కువగా వచ్చే చర్మకాన్సర్‌ను మొదట్లోనే కోసి తీసివేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే మెడలో గడ్డలు లేస్తాయి. అప్పుడు పెద్ద ఆపరేషను, రేడియేషను దాకా పోవలసి వస్తుంది. మీ ప్రాంతం వారికి బెంగుళూరులోని కిద్వాయ్ కాన్సర్ ఆస్పత్రి దగ్గర, అది 1973 నుంచి పనిచేస్తున్నది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకానికి తరువాత పేర్లు మారాయిగాని, కాన్సర్ వైద్యానికి దాని కిందనే సహాయం దొరుకుతుంది. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్ళండి. ఇంకొక్క మాట. మీ తమ్ముడికి చిన్న దెబ్బకే ఒళ్ళు కమిలిపోవడం, పన్ను పీకినప్పుడు రక్తం ఆగకపోవడం వంటివి వుంటే కత్తి పట్టకముందే డాక్టరుకు చెప్పాలి. పుట్టుకతో తెల్లగా వుండేవారిలో ఏ కొద్దిమందికో ఆ లోపం కూడా కలిసి వుంటుంది.

ఇక వాడు తెల్లగా ఎందుకు పుట్టాడో చూద్దాం. మీ అమ్మగారి తప్పు ఇందులో ఏమీ లేదు. గ్రహణం చూస్తే బిడ్డ తెల్లగా పుట్టడం ఎంత నిజమో, కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుట్టడమూ అంతే నిజం. విచిత్రం చూడండి, ఒక తెలుపు కోసం వందలు పోసి పువ్వు కొంటాము, ఇంకొక తెలుపు వస్తే గ్రహణం మీద నెట్టేస్తాము. ఇరవై నాలుగేళ్ళుగా ఆ తల్లి ఈ నింద మోస్తూ వుంటుంది. ముందు ఆమెకు ఈ జవాబు చదివి వినిపించండి.

మన చర్మానికి, జుట్టుకు, కనుపాపకు రంగునిచ్చే పదార్థం మెలనిన్. దీనిని తయారుచేసే కణాలు నల్లవారిలో ఎక్కువ, తెల్లవారిలో తక్కువ అని చాలామంది అనుకుంటారు. అలా కాదు, సంఖ్యలో పెద్ద తేడా లేదు. మీలోనూ మీ తమ్ముడిలోనూ ఆ కణాలు దాదాపు ఒక్కలాగే వున్నాయి. తేడా అవి చేసే పనిలో వుంది. టైరోసిన్ అనే పదార్థాన్ని మెలనిన్‌గా మార్చడానికి టైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు చెడితే మగ్గం వుంటుంది, నూలు వుంటుంది, నేత మాత్రం సాగదు. ఈ స్థితికి ఆల్బినిజం అని పేరు. ఇది బొల్లి కాదు. బొల్లి మధ్యలో వచ్చి మచ్చలు మచ్చలుగా పాకుతుంది. కుష్ఠు అంతకంటే కాదు. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గిపోతుంది. ఆల్బినిజం పుట్టుకతో వస్తుంది, ఒళ్ళంతా వుంటుంది, ఎవరికీ అంటుకోదు. ఒకే కంచంలో తినవచ్చు.

కొందరిలో ఆ ఎంజైము బొత్తిగా పనిచేయదు. వారి జుట్టు ముసలితనం దాకా పాలతెలుపే. ఇంకొందరిలో కొద్దిగా పనిచేస్తుంది, లేదా లోపం వేరే జన్యువులో వుంటుంది. వారి జుట్టు వయసుతో పసుపుగా, బంగారు రంగుగా మారుతుంది. మీ తమ్ముడు ఈ రెండో జాతి అని మీ వర్ణనను బట్టి తోస్తున్నది. ఇది కొంచెం మేలు, కాని కొంచెమే. మెలనిన్ కేవలం అందానికి పూసిన రంగు కాదు. చర్మకణం లోపల జన్యుపదార్థం వుండే కేంద్రకం మీద అది చిన్న గొడుగులాగా కప్పుకుని, ఎండలోని అతినీల కిరణాలను అడ్డుకుంటుంది. గొడుగు లేని కణం ఎండదెబ్బ తిన్న ప్రతిసారీ జన్యువుల్లో పొరపాట్లు పడతాయి. కొన్నిటిని శరీరం సరిదిద్దుకుంటుంది, కొన్ని మిగిలిపోతాయి. ఏళ్ళ తరబడి అవి పోగుపడితే కాన్సర్ మొదలవుతుంది. కనుక మీ తమ్ముడి జుట్టు రంగు లోపలి గొడుగు ఎంత పలచనో పైకి చెప్పే గుర్తు.

ఈ సంబంధం దొరల దేశాల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. ఐర్లండు, స్కాట్లండుల్లో ఎర్రజుట్టు, చుక్కలు పడిన చర్మం వున్నవారు చాలామంది వుంటారు. మెలనిన్‌లో నలుపు రకం, ఎరుపు రకం అని రెండు వున్నాయి. నలుపు రకం ఎండను ఆపుతుంది. ఎరుపు రకం ఆపలేకపోవడమే గాక, ఎండ తగిలితే తానే కణానికి హాని చేస్తుంది. ఏ రకం తయారు కావాలో చెప్పే మీట వంటి జన్యువు పేరు ఎం.సి.వన్.ఆర్. అందులో మార్పులున్న వారికే ఎర్రజుట్టు వస్తున్నదని 1995లో బ్రిటన్ పరిశోధకులు కనిపెట్టారు. అటువంటి తెల్లవారి సంతతి వెళ్ళి స్థిరపడిన ఆస్ట్రేలియాలో చర్మకాన్సర్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ. 1981లో వారు చొక్కా తొడుక్కో, మందు పూసుకో, టోపీ పెట్టుకో అని దేశమంతా ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది. ఆఫ్రికాలోని టాంజానియాలో ఆల్బినిజం వున్నవారు చాలామంది వున్నారు. అక్కడ పొలాల్లో పనిచేసే అటువంటి వారు ముప్ఫై, నలభై ఏళ్ళకే చర్మకాన్సర్‌తో పోవడం డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. ఆల్బినిజమే ఆయుష్షును తగ్గించదు, తగ్గించేది ఎండ. నీడపట్టున వుండి, చర్మాన్ని కాపాడుకున్నవారు అందరిలాగే ముసలివారవుతారు.

మనలో కూడా ఎర్రని ఛాయ గలవారున్నారు గదా, వారి మాటేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. 2013లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర దేశాల వారితో కలిసి జరిపిన పరిశోధనలో, మనలో ఛాయను తేలికపరచే ఒక జన్యుమార్పు, ఐరోపా వారిలో వున్నదీ ఒకే మూలం నుంచి వచ్చినవని తేలింది. అయినా మన ఎర్రని ఛాయ వారి జుట్టు నల్లనే, కనుపాప నల్లనే. అంటే గొడుగు వున్నట్టే. చర్మకాన్సర్ మన దేశంలో అరుదు కావడానికి ముఖ్య కారణం ఇదే. ఈ శీర్షికకు తెల్లబడే క్రీము పేరు చెప్పమని వచ్చే ఉత్తరాలకు నేను జవాబు రాయను. కారణం ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను. పైగా ఆ క్రీముల్లో కొన్నిటిలో స్టెరాయిడ్లు, పాదరసం వుంటాయి.

అనంతపురం పాఠకులకు ఇంకొక ఎర్రజుట్టు తెలుసు. కరువు ఏడాదుల్లో రెండు మూడేళ్ళ పిల్లల జుట్టు రాగిరంగుకు తిరిగి, పీచులాగా పలచబడి, లాగితే వేలికి వచ్చేస్తుంది. కాళ్ళు వాస్తాయి, బిడ్డ ఎప్పుడూ ఏడుపుమొహంతో వుంటాడు. ఇది జన్యువుల వల్ల కాదు, ఆకలి వల్ల. తిండిలో మాంసకృత్తులు, శక్తి చాలక జుట్టుకు రంగు వేయడం శరీరం మానుకుంటుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాశాల, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ రోగం మీద ఎంతో పని చేసింది. తిండి సరిగా పడితే కుదుళ్ళ నుంచి మళ్ళీ నల్లజుట్టు మొలుస్తుంది. కొన్నాళ్ళ పాటు వెంట్రుక మొదలు నలుపు, కొస ఎరుపుగా కనబడుతుంది కూడా. చెనక్కాయ మూటలన్నీ నూనె మిల్లుకు పోయి, పండించినవారి బిడ్డ కంచంలో గుప్పెడు గింజలు లేకపోవడం మీ జిల్లాకు కొత్త సంగతి కాదు. రాగిసంగటితో పాటు పప్పు, చెనక్కాయలు, గుడ్డు, పాలు బిడ్డకు దక్కనివ్వండి. కాళ్ళు వాచివుంటే మాత్రం ఇంటి తిండితో సరిపుచ్చక ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఒళ్ళు నల్లగా వుండి, ఎండకు జుట్టు కొసలు మాత్రమే ఎర్రబారితే అది వేరు, దానితో భయం లేదు.

ఇక మీ తమ్ముడిని ఎండ నుంచి ఎలా కాపాడాలి? మీ జిల్లాలో సంవత్సరానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన, మబ్బులేని రోజులు ఎక్కువ, చెట్టునీడ తక్కువ. సూర్యుడు ఏప్రిల్ నెలాఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరొకసారి సరిగా నడినెత్తి మీదికి వస్తాడు. ఆగస్టు అంటే మీకు చెనక్కాయలో కలుపు తీసే రోజులు. ఎండ చుర్రుమనకపోతే హాని లేదనుకోవడం పొరపాటు. అతినీల కిరణాలకు వేడితో పని లేదు. చల్లగాలి వీచే పుష్యమాసపు మధ్యాహ్నంలోనూ అవి వుంటాయి, పలచని మబ్బు పట్టినా దిగివస్తాయి. కనుక ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మీ తమ్ముడు చేలో వుండకూడదు. ఇది సలహా అనుకోవద్దు, మందుచీటీ అనుకోండి. కాయ వలవడం, విత్తనం ఏరడం, పశువుల కొట్టం పని, అంగడి పని, ఏదైనా సరే కప్పు కింద చేసేది అప్పగించండి. కూలిడబ్బు తగ్గుతుందని ఇంట్లో అంటారు. నిజమే, తగ్గుతుంది. కాన్సర్ ఆపరేషనుకు పోయినప్పుడు తగ్గేది దానికంటే ఎక్కువ.

తలకు చుట్టే తువ్వాలు మాడును కప్పుతుందిగాని చెవులను కప్పదు. పుండు చెవి అంచునే లేవడంలో ఆశ్చర్యం లేదు. నాలుగు వేళ్ళ వెడల్పు అంచు గల టోపీ కావాలి, లేదా తువ్వాలును చెవులు, మెడ కప్పేటట్టు వదిలి కట్టాలి. వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే అవతలి వెలుగు కనబడని దట్టమైన నేతబట్టతో నిండుచేతుల చొక్కా కుట్టించండి. పలచని తెల్లచొక్కా చల్లగా వుంటుందిగాని కిరణాలను ఆపదు. బయట పడక తప్పని రోజున 30 లేదా అంతకు మించిన ఎస్.పి.ఎఫ్. గల సన్‌స్క్రీను మొహానికి, చెవులకు, మెడకు, చేతులకు దండిగా పూయాలి, రెండు గంటలకొకసారి మళ్ళీ పూయాలి. ఖరీదు ఎక్కువే. ఆస్పత్రిలో దొరుకుతుందేమో అడగండి. దొరకకపోతే ముందు డబ్బు టోపీకి, చొక్కాకు పెట్టండి. కొబ్బరినూనె, పసుపు ఎండను ఆపవు. ఆరునెలలకొకసారి ఒళ్ళంతా డాక్టరుకు చూపించాలి. చేత్తో తడిమితే గరుకుగా తగిలే పొలుసు మచ్చలను కాన్సర్ కాకముందే మంచుచికిత్సతో తీసివేయవచ్చు.

కళ్ళ సంగతి మీరు సగమే రాశారు. ఆల్బినిజం వున్నవారికి ఎండ పడకపోవడమే కాదు, దూరపు చూపు కూడా తక్కువ, చాలామందికి కళ్ళు అటూ ఇటూ ఊగుతాయి. అద్దాలతో కొంత మెరుగవుతుంది, పూర్తిగా సరికాదు. చూపు మరీ తక్కువని తేలితే సదరం శిబిరంలో ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇటువంటి బిడ్డ బడికి పోయే వయసులో వుంటే మొదటి బెంచీలో కూర్చోబెట్టమని పంతులుగారిని అడగండి. బోర్డు కనబడక చదువు మానేసిన పిల్లవాడే చివరికి ఎండలో కూలికి పోతాడు. ఈ పిల్లల తెలివికి ఏ లోటూ వుండదు.

ఇప్పుడు పెళ్ళి. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అందుకే మీ అమ్మ, నాయనలు చామనచాయగా వున్నారు, కాని ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఒక్కొక్కటి వున్నది. ఆ రెండూ ఒకే బిడ్డలో కలిశాయి. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మీరు నల్లజుట్టుతో పుట్టారు కనుక, చెడిన ప్రతి మీలో దాగివుండే అవకాశం మూడింట రెండు వంతులు. మీ మేనమామలో అది వుండే అవకాశం సగం, ఆయన కొడుకులో నాలుగో వంతు. లెక్క కడితే మీకు పుట్టే ఒక్కొక్క బిడ్డకు 24లో 1 వంతు. అదే మేనమామనే చేసుకుంటే 12లో 1. బంధుత్వం లేని వరుడైతే, లోకంలో సుమారు 70 మందిలో ఒకరికి ఈ దాగిన ప్రతి వుంటుందన్న అంచనాతో, 420లో 1 మాత్రమే. మీ తమ్ముడికి రేపు సంబంధం చూసేటప్పుడు ఇంకా జాగ్రత్త. మేనమామ కూతురినిస్తే 8లో 1, అక్క కూతురినిస్తే 6లో 1. బయటి పిల్లయితే 140లో 1. ఆస్తి పొలిమేర దాటకూడదని, పిల్ల కళ్ళెదుట వుండాలని మనవాళ్ళు మేనరికం చేస్తారు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కాని మీ రెండిళ్ళ నడుమ ఈ జన్యువు తిరుగుతున్నదని ఇప్పుడు మీకు తెలుసు. తెలిసి చేసుకోవడం వేరు.

సంబంధం మానుకోమని నేను రాయను. 24లో 23 వంతులు బిడ్డ నల్లజుట్టుతోనే పుడుతుంది. ఆల్బినిజం ఒక్కటే అయితే అది బ్రతకరాని రోగమూ కాదు. దగ్గరి సంబంధాల్లో ఇతర లోపాలు కూడా కలిసే అవకాశం వుంటుందన్నది మరువకండి. మీకూ, ఆ అబ్బాయికీ మనసు కుదిరివుంటే ముందుగా మీ తమ్ముడి రక్తం, తరువాత మీ ఇద్దరి రక్తం జన్యుపరీక్ష చేయించుకుని తేల్చుకోవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం వున్నది. లెక్క మీ చేతికిచ్చాను, నిర్ణయం మీ ఇద్దరిది, పెద్దలది మాత్రమే కాదు.

నల్లని ఒళ్ళు గల తక్కిన పాఠకులకు రెండు మాటలు. మనకు గొడుగు వుందిగాని గొడుగు కింద కూడా తడిసే చోట్లున్నాయి. మనవారిలో నల్లమచ్చ కాన్సర్, అంటే మెలనోమా, వచ్చినప్పుడు తరచు అరికాలిలో, గోరు కింద వస్తుంది. ఎండకు సంబంధం లేదు. అరికాలిలో కొత్తగా లేచి, పెరుగుతూ, అంచులు వంకరటింకరగా వున్న నల్లమచ్చను ముల్లు గుచ్చుకుందనుకుని బ్లేడుతో చెక్కకండి. చిన్నప్పుడు ఒళ్ళు కాలిన మచ్చ మీద ఇరవై, ముప్ఫై ఏళ్ళ తరువాత పుండు లేచి మానకపోతే అదీ చూపించవలసిందే. ఇక 1945లో బొంబాయి టాటా ఆస్పత్రికి చెందిన డాక్టర్ ఖనోల్కర్ ధోవతి బిగించి కట్టే నడుము చోట వచ్చే కాన్సర్‌ను వర్ణించారు. ఆడవారిలో లంగా బొందు ఒరిపిడి వల్ల కూడా అరుదుగా వస్తుంది. నడుము చుట్టూ నల్లబడి, పొలుసులు లేచి, దురదపెడుతున్నవారు సన్నని బొందు తీసివేసి రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టించుకోండి, ఒకేచోట బిగించక పైకీ కిందికీ మారుస్తూ కట్టండి. నెల రోజులకు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.